పులి కాళ్ళు కట్టేసే ముందు మేకల్ని లెక్కపెట్టండి

"పులి మరీ ఎక్కువ గెలుస్తోంది, దాని నడక తగ్గిద్దాం."

హైదరాబాదులో వారాంతాల్లో బోర్డ్ గేమ్‌లు ఆడేవాళ్ళు కలిసే చోట, ఎవరైనా సొంతంగా తయారుచేసిన ఆట తెచ్చి బల్ల మీద పరిచారంటే ఈ మాట వినపడాల్సిందే. పులి బదులు కొన్నిసార్లు ఏనుగు, కొన్నిసార్లు సేనాపతి. మాట మాత్రం అదే. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. రెండు గడుల కంటే ఎక్కువ జరగకూడదు. గోడ పక్కనుంటే ఒక్క గడే. ఒక పావుని చంపాక తర్వాతి ఎత్తులో కదలకూడదు. పది నిమిషాలు గడిచేసరికి ఒక్క పావు నడకకి మూడు షరతులు తగులుతాయి. ఆట కాగితం మీద సమంగానే కనిపిస్తుంది, ఆడేవాడు మాత్రం ప్రతి ఎత్తుకీ నియమాల కాగితం తిరగేస్తుంటాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బ్యాలెన్స్ కుదరనప్పుడు పావు నడక మీద చెయ్యి వేయడం ఆఖరి పని కావాలి. దానికి ముందు మార్చి చూడాల్సినవి చాలా ఉన్నాయి: పావుల సంఖ్య, మొదటి అమరిక, ఎవరు ముందు ఆడాలన్నది, పలక మీది గీతలు, గెలుపు లెక్క. ఇవి మారిస్తే ఆటగాడు కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు. నడక మారిస్తే ఆట మొత్తం మారుతుంది, మనం ఊహించని చోట మారుతుంది. ఈ అభిప్రాయానికి ఎదురు నిలిచే ఉదాహరణలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఖాళీలను లెక్కపెట్టడం

పులి-మేకతో మొదలుపెడదాం. మేకలు ఒక్కొక్కటే పలక మీద దిగి పులుల్ని కదలకుండా చుట్టుముట్టాలి, పులులు మేకల మీదుగా దూకి వాటిని చంపాలి. మన వైపు ఎక్కువగా కనపడే పలకలో 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ దిగి ఒక్కటీ చావకపోతే 18 బిందువులు నిండి 5 ఖాళీగా ఉంటాయి. ఆ అయిదే పులులకి ఊపిరి. ఒక్క మేకని పెంచితే ఖాళీలు 4. పదిహేను మేకల మీద ఒకటి పెంచడం చిన్న మార్పులా అనిపిస్తుంది గానీ, పులి వైపు నుంచి చూస్తే అయిదో వంతు చోటు పోయినట్టు. సంఖ్యని మార్చేటప్పుడు పెరిగిన పావుల్ని కాక మిగిలిన ఖాళీల్ని చూడాలనడానికి కారణం ఇదే.

నేపాల్ వాళ్ళ బాగ్‌చాల్‌లో ఈ లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. 25 బిందువులు, 4 పులులు, 20 మేకలు. ఒక్క మేకా చావకుండా అన్నీ దిగితే పలక మీద మిగిలేది ఒకే ఒక్క ఖాళీ. అంటే పులి మేకలు దిగుతున్న దశలోనే వేటాడి తీరాలి. ఆ ఒత్తిడి ఎక్కడా నియమంగా రాసి లేదు, సంఖ్యలోనే ఉంది. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు ఈ ఆటని కంప్యూటర్‌తో విశ్లేషించి, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే డ్రా అని తేల్చారు. పులికి వేరే నడక, మేకకి వేరే నడక ఇచ్చి వింత షరతులు పెట్టలేదు. అక్కడ పులీ మేకా నడిచేది ఒకేలా, గీత వెంట పక్క బిందువుకి. పులికి అదనంగా దూకి చంపే హక్కు, అంతే.

సంఖ్య తర్వాత గీతలు. బాగ్‌చాల్ పలక మీద పులి దూకగలిగే దారులు, అంటే వరసగా మూడు బిందువులు గీతతో కలిసినవి, లెక్కపెడితే 40 వస్తాయి. అడ్డం, నిలువు కలిపి 30, వాలుగా 10. ఇప్పుడు ఒక్కో బిందువు మీద నిలబడ్డ మేకని ఎన్ని వైపుల నుంచి చంపవచ్చో చూడండి. మూలల్లో సున్నా. అంచు మీద ఒక్క దారి. లోపల వాలు గీతలు లేని నాలుగు బిందువుల్లో రెండేసి. వాలు గీతలున్న అయిదు బిందువుల్లో నాలుగేసి. మేకలు ముందు అంచుల్లో ఎందుకు దిగుతాయో ఈ లెక్కే చెబుతుంది.

సొంత ఆట తయారుచేస్తున్నవాళ్ళు ఈ లెక్క మొదటి రోజే చేయాలి, అరగంట పని. పలక గీసి ప్రతి బిందువు పక్కన పెన్సిల్‌తో రెండు అంకెలు వేయండి: అక్కడి నుంచి ఎన్ని వైపులకి కదలవచ్చు, అక్కడున్న పావుని ఎన్ని దారుల్లో చంపవచ్చు. పులి బలం ఎక్కువైందనిపిస్తే పెద్ద అంకెలున్న చోట ఒక గీత చెరిపేయండి. పులి నడక అలాగే ఉంటుంది, నియమాల కాగితంలో అక్షరం మారదు, పులి వేటాడే చోటు మాత్రం తగ్గుతుంది.

సంఖ్యల పద్ధతికి ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. అవి గరుకు తూకపు రాళ్ళు. 15 మేకలతో పులి గెలుస్తుంది, 16తో మేక గెలుస్తుంది, పదిహేనున్నర మేకలు పెట్టలేం. అప్పుడు వాడాల్సింది గెలుపు లెక్క: ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు? ఇది ఊరికో రకంగా ఉందంటే ఊళ్ళవాళ్ళు ఎప్పటి నుంచో ఆ మర తిప్పుతూనే ఉన్నారన్నమాట. అదీ చాలకపోతే మేకలు కదలడం ఎప్పుడు మొదలవ్వాలో మార్చవచ్చు. మామూలుగా మేకలన్నీ దిగాకే కదలాలి. దాన్ని 12 దిగాక అంటే మేకలకి కొంచెం బలం, 13 అంటే అంతకంటే కొంచెం తక్కువ బలం. సన్నటి తూకానికి ఇంతకంటే మంచి రాయి దొరకదు.

ఇంకో పద్ధతి నాకు చాలా ఇష్టం. సంఖ్యని మీరు తేల్చకండి, ఆడేవాళ్ళతో వేలం పాడించండి. "నాకు 17 మేకలిస్తే మేకల పక్షం ఆడతా." "నాకు 16 చాలు." "సరే, నువ్వే తీసుకో." ఇద్దరు అనుభవజ్ఞులు పదిసార్లు పాడితే పాట ఎక్కడ ఆగుతుందో అదే మీ సంఖ్య. ఇద్దరికి ఒక లడ్డూ పంచాలంటే ఒకరు విరిచి ఇంకొకరు ఎంచుకోవడం లాంటిదే ఇది. ఎదురెదురు అంచుల్ని రాళ్ళతో కలపాల్సిన హెక్స్ ఆటలో మొదటి ఎత్తు చూశాక రెండో ఆటగాడు పక్షం మార్చుకోవచ్చనే నియమం పుట్టింది ఈ ఆలోచన మీదే. మొదటివాడు మరీ మంచి ఎత్తు వేస్తే అది ఎదుటివాడి సొంతమవుతుంది, కాబట్టి తూగే ఎత్తే వేస్తాడు. రాళ్ళతో పలక మీద చోటు ఆక్రమించే గో ఆటలో, రెండోగా ఆడే తెల్లరాళ్ళవాడికి ముందే ఇచ్చే కోమి పాయింట్లూ ఈ జాతివే. జపాన్‌లో 6.5, చైనాలో 7.5. రాయి పెట్టే నియమంలో అక్షరం ముట్టుకోకుండా మొదటి ఎత్తు లాభాన్ని అంకెతో సరిచేశారు.

నడకని అంకెల్లో కొలవడం, ఆ కొలత ఎక్కడ మోసం చేస్తుంది

నడక మార్చక తప్పదని వాదించేవాళ్ళు ముందు దాన్ని కొలవాలి. ఖాళీ పలక మీద ఒక పావు ఒక్కో గడి నుంచి ఎన్ని గడులకి వెళ్ళగలదో కూడి, గడుల సంఖ్యతో భాగించండి. 8×8 చదరంగం పలక మీద ఏనుగుకి 14, బిషప్‌కి 8.75, గుర్రానికి 5.25, రాజుకి 6.56, మంత్రికి 22.75 వస్తాయి. బంటు విలువ 1 అనుకుంటే ఆటగాళ్ళు వాడే విలువలు ఏనుగుకి 5, బిషప్‌కి 3, గుర్రానికి 3, మంత్రికి 9. ఏనుగు, బిషప్‌ల మధ్య నిష్పత్తి చక్కగా కుదిరింది.

గుర్రం దగ్గర కుదరలేదు. కొలత ప్రకారం రాజు కంటే కూడా తక్కువ, విలువలో మాత్రం బిషప్‌తో సమానం. గుర్రం దూకుతుంది కాబట్టి మధ్యలో పావులు అడ్డొచ్చినా దానికి లెక్క లేదు. పైగా బిషప్ ఒకే రంగు గడుల్లో బతుకుతుంది, గుర్రం రెండు రంగులూ తిరుగుతుంది. ఖాళీ పలక లెక్క ఈ రెంటినీ చూడదు. అందుకే కొలతలో ఇంకో సంగతి కూడా రాసుకోవాలి: ఈ పావు పలక మీద అసలు ఎన్ని గడులకి చేరగలదు? పాత అరబ్బుల షత్రంజ్‌లో బిషప్ స్థానంలో ఉన్న పావు వాలుగా సరిగ్గా రెండో గడికి దూకేది. జీవితాంతం దూకినా 64లో 8 గడులే దానికి అందేవి. అలాంటి పావుని సంఖ్యలు మార్చి బాగుచేయలేం. అక్కడ నడకే పాడు. పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్ వాళ్ళు ఆ నడకా, ఒక్క వాలు గడి మాత్రమే జరిగే మంత్రి నడకా రెండూ మార్చేశారు. నా వాదనకి ఇది మొదటి ఎదురుదెబ్బ, న్యాయమైనదే. కానీ వాళ్ళు మార్చిన తీరు చూడండి. "ఇన్ని గడులు, ఫలానా చోట తప్ప" అనలేదు. "అడ్డు లేనంత దూరం" అన్నారు. నియమం పెరగలేదు, సులువైంది.

పలక సైజు మారినా నడక విలువ మారుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గుర్రానికీ బిషప్‌కీ ఉన్న నిష్పత్తి 6×6 మీద 4.44కి 6.11, అంటే 0.73. 8×8 మీద 0.6. 10×10 మీద 5.76కి 11.4, అంటే సగమే. కాబట్టి మీ ఆటలో దూకే పావు మరీ బలంగా ఉంటే దాని కాళ్ళు కట్టకండి, పలకకి ఒక వరస కలిపి చూడండి. కేఫ్ బల్ల మీద పట్టాలని పలకని 6×6కి కుదించాక గుర్రం లాంటి పావు ఉన్నట్టుండి రాక్షసిగా మారడం మామూలు సంగతి, ఎవరూ దాని నడక మార్చకపోయినా సరే.

మినహాయింపు మీద మినహాయింపు

మన పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. ఆరంభం నెమ్మది. యూరప్‌లో దాన్ని వేగం చేయడానికి మొదటి ఎత్తుకి రెండు గడులు ఇచ్చారు. దాంతో బంటు ఎదుటి బంటు కాపలా కాస్తున్న గడిని దాటిపోయే వీలు దొరికింది. ఆ కంత పూడ్చడానికి దాటిపోతున్న బంటుని చంపే హక్కు పెట్టారు, అదీ ఆ ఒక్క ఎత్తులోనే. కొత్తగా చదరంగం నేర్చుకునే పిల్లలు ఇవాళ్టికీ తడబడేది అక్కడే. ఒక అతుకు ఇంకో అతుకుని కన్నది.

రాజు విషయంలోనూ ఇలాంటి పోలిక దొరుకుతుంది. రాజు మధ్యలో ఇరుక్కుపోతాడన్నది అందరి సమస్యే. మనవాళ్ళు, కిస్తు (చెక్) పడని రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చన్నారు. యూరప్ వాళ్ళు రాజునీ ఏనుగునీ కలిపి కదిపే ఎత్తు పెట్టారు. దానికి షరతులు నాలుగు: రెండూ అంతకుముందు కదిలి ఉండకూడదు, మధ్యలో పావులు ఉండకూడదు, రాజు కిస్తులో ఉండకూడదు, దెబ్బ పడే గడి మీదుగా వెళ్ళకూడదు. ఆ ఒక్క ఎత్తు రాజుని దాస్తూనే ఏనుగుని కూడా యుద్ధంలోకి తెస్తుంది కాబట్టి ఖరీదుకి తగ్గ పని చేస్తోంది. మినహాయింపు పెట్టాల్సొస్తే కనీసం రెండు సమస్యలు తీరాలని నేననేది ఇందుకే. 2020లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ వాళ్ళు మాజీ ప్రపంచ చదరంగ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్‌తో కలిసి ఈ ఎత్తు తీసేయడం, బంటు రెండు గడుల హక్కు తీసేయడం లాంటి తొమ్మిది మార్పుల్ని పరీక్షించారు. ఒక్క నియమం తీస్తే ఏమవుతుందో చెప్పడానికి క్రామ్నిక్ అంతటివాడి అనుభవం చాలలేదు, ఆల్ఫాజీరో అనే వాళ్ళ ప్రోగ్రామ్‌ని తనతో తానే ఆడించాల్సి వచ్చింది.

అయిదు రాళ్ళు వరసగా పేర్చే గోమోకు ఇంకో పాఠం. 15×15 పలక మీద మొదటివాడు ఎప్పుడూ గెలవగలడని విక్టర్ ఆలిస్ అనే పరిశోధకుడు నిరూపించాడు. దీనికి మందుగా, దాన్నుంచే పుట్టిన రెంజు ఆటలో ముందు ఆడే నల్లరాళ్ళవాడికి మాత్రం కొన్ని నిషేధాలు పెట్టారు: ఒకే రాయితో రెండు తెరిచిన మూళ్ళు (రెండు కొసలా అడ్డులేని మూడు రాళ్ళ వరసలు) చేయకూడదు, రెండు నాలుగు రాళ్ళ వరసలు చేయకూడదు, అయిదుకి మించి పేర్చకూడదు. పనిచేసింది. దాన్ని ప్రేమించి ఆడేవాళ్ళున్నారు. కానీ కొత్తవాడు ఓడిపోయానని కూడా తెలియకుండా ఓడిపోతాడు, ఎందుకంటే తెల్లవాడు అతన్ని నిషేధ గడిలోకి తరమగలడు. ఆరు రాళ్ళు వరసగా పేర్చే కనెక్ట్ సిక్స్ చేసినవాళ్ళు ఇదే రోగానికి వేరే మందు వేశారు. మొదటివాడు మొదటిసారి ఒక్క రాయే పెడతాడు, ఆ తర్వాత ఎవరైనా రెండేసి. ప్రతి ఎత్తు తర్వాతా అప్పుడే ఆడినవాడు ఒక రాయి ముందుంటాడు. ఇద్దరికీ ఒకటే నియమం. తయారీ బల్ల దగ్గర నేనెప్పుడూ ఈ రెండో దారికే ఓటేస్తాను.

మూడు కాయలు వరసగా పేర్చి ఎదుటివాడి కాయని తీసేసే దాడి ఆట మాత్రం నన్ను ఆపుతుంది. మూడు కాయలే మిగిలినవాడు గీతల్ని పట్టించుకోకుండా ఎక్కడికైనా ఎగరవచ్చు. ఇది పచ్చి మినహాయింపు, నడక మీదే. అయినా బాగుంటుంది. ఇద్దరికీ వర్తిస్తుంది, ఆట చివర్లో వస్తుంది, ఓడుతున్నవాడి చేతికి మళ్ళీ పని ఇస్తుంది. గెలుస్తున్నవాడు నాలుగో కాయని ఎప్పుడు చంపాలా అని ఆగి ఆలోచిస్తాడు. ఒక మినహాయింపు ఎదుటివాడికి కొత్త ఆలోచన పుట్టించినంత మాత్రాన నా సూత్రం వదులుకోను గానీ, మెత్తబడతాను.

నడక దూరం ముట్టుకోకుండానే పులి బలం మార్చే మరలు ఇంకా ఉన్నాయి. చంపే వీలున్నప్పుడు పులి చంపి తీరాలంటే పులి బలహీనపడుతుంది, ఎందుకంటే మేకలవాడు ఒకదాన్ని ఎరగా వేసి పులిని మూలకి లాగగలడు. ఒకే ఎత్తులో వరసగా రెండు మూడు దూకవచ్చంటే పులి బలం ఒక్కసారిగా ఎగబాకుతుంది. దాన్ని చివరి వరకూ వాడకండి. కదలక తప్పదా, ఊరుకోవచ్చా అన్నది అన్నిటికంటే పెద్ద మర. మేకల గోడ బిగిశాక ఊరుకునే హక్కు ఉంటే ఆ గోడ ఎప్పటికీ పగలదు, కదలక తప్పదంటే ఏదో ఒక మేక గోడలోంచి బయటికి రావాల్సిందే. పులి రెండు బిందువుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ కాలం గడపడానికి కూడా మందు ముందే రాయాలి. చదరంగంలో ఒకే స్థితి మూడుసార్లొస్తే డ్రా అడగవచ్చు, గోలో వెంటనే పాత స్థితికి తేవడం నిషేధం, చైనా చదరంగంలో ఆపకుండా కిస్తు చెప్తూ పోవడం కుదరదు. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ఎవరికో ఒకరికి లాభం. ఆ ఎవరన్నది తెలిసే ఎంచుకోండి.

"పక్క" అంటే ఏ పక్క?

నియమం రాసిన మాట కూడా బ్యాలెన్సే. 1732లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ యూరప్ ఉత్తరపు కొసనున్న లాప్లాండ్‌లో టాబ్లుట్ అనే ఆటని చూసి డైరీలో లాటిన్‌లో రాసుకున్నాడు. 9×9 పలక, మధ్యలో రాజు, చుట్టూ 8 మంది కాపలా, అంచుల్లో 16 మంది ముట్టడిదారులు. రాజు అంచుకి చేరితే గెలుపు. తర్వాత ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు పొరపాటు దొర్లి, రాజుని ఎక్కడున్నా నాలుగు వైపులా చుట్టుముడితేనే పట్టుబడతాడన్న అర్థం స్థిరపడింది. సింహాసనం దగ్గర లేనప్పుడు మిగతా పావుల్లాగే ఇద్దరి మధ్య చిక్కితే చాలన్నది అసలు నియమం. ఆ ఒక్క వాక్యంతో రాజు మహా బలవంతుడయ్యాడు. ఈ ఆటల్లో సమతూకం లేదన్న పేరొచ్చింది, ఎందరో దాన్ని సరిచేయడానికి కొత్త షరతులు కనిపెట్టారు. తప్పు ఆటలో లేదు, రాతలో ఉంది.

తెలుగులో నియమాలు రాసేవాళ్ళకి ఈ ప్రమాదం రోజూ ఉన్నదే. "పక్క గడికి జరగాలి" అని రాస్తే సగం మంది నాలుగు వైపులనుకుంటారు, సగం మంది ఎనిమిదనుకుంటారు. నాలుగుకీ ఎనిమిదికీ తేడా పులి బలంలో రెట్టింపు. "దాటవచ్చు" అంటే చంపినట్టా, ఊరికే దాటినట్టా? హైదరాబాదు బల్లల దగ్గర ఒకే నియమం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో నోటిమాటగా వెళ్తుంది కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. మాటతో పాటు ఒక చిన్న బొమ్మ గీయండి: మధ్యలో పావు, చేరగలిగే గడుల్లో చుక్కలు, చేరలేని వాటిలో ఇంటూలు. పులి గెలుస్తోందని ఎవరైనా అంటే ముందు ఆ బల్ల దగ్గర ఏ నియమంతో ఆడారో ఆడించి చూపమనండి.

ఎన్ని ఆటలు చాలు

పరీక్ష సామాను ఖరీదైనది అక్కర్లేదు. క్యారమ్ సెట్‌లో 9 నల్లవి, 9 తెల్లవి, ఒక ఎర్రది ఉంటాయి. ఒకే రంగులో 15 మేకలకి రెండు సెట్లు కావాలి, లేదా చింతపిక్కలు చాలు. కాయిన్ వెడల్పు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి బిందువుల మధ్య కనీసం 5 సెంటీమీటర్లు వదలండి. 5×5 పలక ఏ3 కాగితం మీద సుఖంగా పడుతుంది. కోఠిలో ఏ జిరాక్స్ షాపులోనైనా పది కాపీలు తీయించి, ప్రతి దాని మూలన కూర్పు నంబరు వేయండి. ఒక కూర్పుకీ తర్వాతి కూర్పుకీ మధ్య ఒక్క మార్పే ఉండాలి. రెండు మార్చారంటే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు చేదు లెక్క. 20 ఆటల్లో పులి 13, మేక 7 గెలిస్తే అందరూ పులి కాళ్ళు కట్టడానికి లేస్తారు. కచ్చితంగా సమానమైన ఆటలో కూడా 13–7 లేదా అంతకు మించిన తేడా, ఏదో ఒక వైపు, నాలుగింట ఒకసారి వస్తుంది. బొమ్మా బొరుసూ వేసినా అంతే. 55–45 పాటి మొగ్గుని నమ్మకంగా చెప్పాలంటే 400 ఆటల దాకా కావాలి. ఆట ఇరవై నిమిషాలైతే 133 గంటలు. మనుషులతో అది అయ్యే పని కాదు, చిన్న ప్రోగ్రామ్ రాయాలి. అదీ గుడ్డిగా ఎత్తులు వేసే ప్రోగ్రామ్ అయితే పులి వైపు మొగ్గుతుంది, ఎందుకంటే మేకల బలం వరసలో ఉంటుంది, ఒక్క తప్పుతో గోడకి కంత పడుతుంది. కొత్త ఆటగాళ్ళ బల్ల దగ్గరా అదే జరుగుతుంది. అందుకే ప్రోగ్రామ్‌ని రెండు ఎత్తులు ముందు చూసేలా ఒకసారి, నాలుగు చూసేలా ఇంకోసారి ఆడించండి. లోతు పెరిగేకొద్దీ గెలుపు మేక వైపు జరుగుతుంటే మీ ఆట ఆరోగ్యంగానే ఉంది, నేర్చుకోవడానికి సమయం పడుతుందంతే.

మనుషుల్ని అడగాల్సింది గెలిచిందెవరని కాదు. మొదటి మేక ఎన్నో ఎత్తులో చచ్చింది, ఓడినవాడికి ఓటమి ఎన్నో ఎత్తులో అర్థమైంది, ఆ తర్వాత ఇంకా ఎంతసేపు ఆడాల్సి వచ్చింది అన్న మూడూ రాసుకోండి. 50–50 గెలిచే ఆటలో పన్నెండో ఎత్తుకే ఫలితం తేలి నలభై దాకా ఈడ్చాల్సి వస్తే, ఆ సమానత్వం నాకొద్దు.

గోల్కొండ తలుపు

ఇక్కడివాళ్ళు ముట్టడి ఆట చేయాలనుకుంటే మనసు గోల్కొండ మీదికే పోతుంది. టాబ్లుట్ అమరికే తీసుకుందాం: నడిమధ్య గోల్కొండ రాజు తానీషా, 8 మంది కాపలా, బయట ఔరంగజేబు 16 పావులు. చరిత్రలో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట పడింది గోడలు కూలి కాదు, లోపలివాళ్ళు తలుపు తీసి. ఆ ద్రోహం ఆటలో లేకపోతే అది గోల్కొండ కాదని ఎవరైనా అంటారు, నేనూ అంటాను. వెంటనే తోచేది పాచిక: ఆరు పడితే తలుపు తెరుచుకుంటుంది, ఆ ఎత్తుకి ముట్టడిదారుడు గోడ దాటి నడవవచ్చు. నడక మీద మినహాయింపు, పైగా అదృష్టం. అరగంట ఆలోచించి కట్టిన కాపలా ఒక్క పాచికతో పోతుంది.

దాన్ని లంచంగా మార్చి చూడండి. ముట్టడిదారుడు తన ఎత్తుకి బదులు తన పావులు రెండు పలక మీంచి తీసేసి, తన పావుని ఆనుకుని ఉన్న ఒక కాపలా పావుని తీసేయవచ్చు. ఎవరి నడకా మారలేదు. ఏ ఎత్తులోనైనా వీలుంది కాబట్టి కాపలా ఆటగాడు ఎప్పుడూ ఆ భయంతోనే మనుషుల్ని నిలబెడతాడు. ముట్టడిదారుడికి వల పలచబడుతుంది, పదహారులో రెండుసార్లు లంచమిస్తే పన్నెండు మందే మిగులుతారు, రాజు అంచుకి పారిపోవడానికి కంతలు పెరుగుతాయి. ఇక తేలాల్సింది ఒక్క అంకె: ధర రెండా, మూడా. మూడుతో మొదలుపెట్టండి. ఇరవై ఆటల్లో ఎవరూ ఒక్కసారైనా లంచం ఇవ్వకపోతే రెండుకి దించండి. ప్రతి ఆటలోనూ అయిదో ఎత్తులోపే ఇచ్చేస్తుంటే ధర మూడే ఉంచి, కాపలాకి తొమ్మిదో మనిషిని కలపండి.